విమానం కూలిన చోటికి మొదట చేరేది మన పెట్రోలింగ్ బండే అయితే?

నైట్‌బీట్_ఎస్సై రాసిన ప్రశ్న:

అందరికీ నమస్తే. ఈమధ్యే స్టేషన్ బాధ్యత తీసుకున్న ఎస్సైని. మా పరిధి విమానాలు దిగే దారి కిందే ఉంటుంది. వచ్చే నెల ఎయిర్‌పోర్టు వాళ్లు పెద్ద మాక్ డ్రిల్ పెడుతున్నారు, మా తరఫున నేనే వెళ్లాలి. ఎమర్జెన్సీ ప్లాన్ పుస్తకం ఇచ్చారు, మొత్తం చదివాను. ఫైర్ వాళ్లకు, డాక్టర్లకు పేజీలకు పేజీలు ఉన్నాయి. పోలీసుల దగ్గరికి వచ్చేసరికి "ట్రాఫిక్, బందోబస్తు, జన నియంత్రణ" అని ఒక్క లైను.

రన్‌వే మీద పడితే ఎయిర్‌పోర్టు ఫైర్ సర్వీసు ఉంటుంది, సరే. గోడ బయట ఇళ్ల మీదో పొలాల్లోనో పడితే ముందు చేరేది మా బండే. అప్పుడు అక్కడ పెద్ద ఎవరు? ఫైర్ అధికారా, మేమా, విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థా? మొదటి గంటలో తప్పక చేయాల్సిందేమిటి, అస్సలు చేయకూడనిదేమిటి? బ్లాక్ బాక్స్ కనబడితే తీసి స్టేషన్లో భద్రపరచాలా? ప్రయాణికుల బంధువులు వచ్చి అడిగితే ఏం చెప్పాలి? నిజంగా టెన్షన్‌గా ఉంది. ఇలాంటి చోట పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే వివరంగా రాయండి.

---

మాజీ_సీఐ:

ఎస్సై గారూ, పెద్ద ఎవరన్న ప్రశ్నతోనే మొదలుపెడతాను. డ్రిల్లుల్లో సగం గొడవ అక్కడే జరుగుతుంది.

ఆ చోట పెద్ద ఒక్కరే ఉండరు, పైగా గంటగంటకూ మారతారు. మంటలు ఉన్నంతసేపు, లోపల మనుషులు ఉన్నంతసేపు లోపలి వలయంలో ఫైర్ అధికారి మాటే చెల్లాలి. గాయపడినవాళ్లలో ఎవరిని ముందు పంపాలో వైద్య బృందం చెబుతుంది. చుట్టూ ఉన్న నేల, దారులు, జనం, పేర్లు మీవి. ప్రాణాలతో ఉన్న ఆఖరి మనిషి కూడా బయటికి వచ్చేశాడని ఫైర్, వైద్య అధికారులు చెప్పిన క్షణం నుంచి అదంతా సాక్ష్యం. దర్యాప్తు సంస్థ మనుషులు దిగి దాన్ని అప్పజెప్పించుకునేదాకా కాపలా మీదే. వాళ్లు రావడానికి గంటలు పడుతుంది, ఒక్కోసారి మర్నాడు అవుతుంది. నన్నడిగితే పోలీసు అసలు పని ఆ గంటల్లోనే ఉంది. మీ పుస్తకం "బందోబస్తు" అని ఒక్క మాట రాసి వదిలేసింది దాని గురించే.

మీ మొదటి బండిలోని మనిషి దిగగానే లోపలికి పరిగెత్తాలనుకుంటాడు. పరిగెత్తనివ్వండి, కానీ ముందు వైర్‌లెస్ సెట్లో ఒక్క నిమిషం మాట్లాడాక. సరిగ్గా ఎక్కడ పడింది, ప్రయాణికుల విమానమా, సరుకుదా, హెలికాప్టరా, మిలిటరీదా. మంట ఉందా, పొగ ఏ వైపు పోతోంది. కరెంటు తీగలు తెగాయా, ఇళ్లు తగులుకున్నాయా. ఏ రోడ్డున వస్తే బండ్లు లోపలిదాకా చేరతాయి. ఈ ఆఖరిది ఎవరూ చెప్పరు, దాని వల్లే ఆలస్యమవుతుంది. ఆ ఒక్క నిమిషం వెనక వచ్చే అంబులెన్సులన్నిటికీ దారి చూపిస్తుంది.

తర్వాత దారి. లోపలికి ఒక రోడ్డు, బయటికి ఇంకో రోడ్డు. వచ్చే బండ్లన్నీ ముందు ఆగాల్సిన చోటు ఒకటి, గాలికి ఎగువన, కాస్త దూరంగా. ఒకే సందులోంచి ఫైరింజన్, అంబులెన్సు, నాయకుల కార్లు, టీవీ వ్యాన్లు ఎదురెదురుగా వచ్చాయంటే గాయపడినవాడు పది అడుగుల దూరంలో అంబులెన్సు ఉండగానే చనిపోతాడు. ఇద్దరు కానిస్టేబుళ్లు ఆ సందు మొదట్లో నిలబడటం లోపల ఇరవై మంది ఉండటం కంటే ఎక్కువ ప్రాణాలు కాపాడుతుంది. మొదటి పావుగంటలో బలగాన్ని శకలాల దగ్గర కాదు, రోడ్ల మీద పెట్టండి.

జనాన్ని తరిమేయాలా అని చాలామంది అడుగుతారు. మొదట్లో వద్దు. 2020 ఆగస్టు 7న కోళికోడ్‌లో విమానం రన్‌వే దాటి కింద పడినప్పుడు వర్షంలో, కరోనా భయంలో, చుట్టుపక్కలవాళ్లే తమ కార్లలో, ట్యాక్సీల్లో గాయపడినవాళ్లను ఆస్పత్రులకు చేర్చారు. 190 మందిలో 21 మంది పోయారు. ఆ జనం లేకపోతే లెక్క ఇంకా పెరిగేది. వాళ్లను వాడుకోండి, కానీ ప్రతి బండి నంబరు, ఎంతమందిని ఎక్కించుకుంది, ఏ ఆస్పత్రికి పోయింది అన్నది ఒక మనిషి నిలబడి రాసుకోవాలి. నోటు పుస్తకం చాలు. అది లేకపోతే రాత్రికి మీ దగ్గర "కనబడనివాళ్లు" అని తేలినవాళ్లు నిజానికి ఏదో నర్సింగ్ హోమ్‌లో కట్టుతో పడుకుని ఉంటారు. 2009లో న్యూయార్క్ హడ్సన్ నదిలో దిగిన విమానంలో 155 మందీ బతికారు, అయినా అందరూ క్షేమమని లెక్క తేల్చడానికి గంటలు పట్టింది. కొందరిని నదికి ఈ ఒడ్డున, కొందరిని ఆ ఒడ్డున దింపారు మరి. నడవగలిగినవాళ్లు ముందే వెళ్లిపోతారని గుర్తుంచుకోండి. ఎవరినీ అడగరు, దగ్గరున్న ఆస్పత్రికి నడిచి పోతారు, వెనక అసలు బాగా దెబ్బలు తిన్నవాళ్లు చేరేసరికి ఆ ఆస్పత్రి నిండిపోయి ఉంటుంది.

ఇక బతికున్నవాళ్లు బయటపడ్డాక.

నేను సర్వీసులో ఉండగా రెండు సీట్ల శిక్షణ విమానం ఒకటి పొలాల్లో పడింది. మేం చేరేసరికే ఊరివాళ్లు ఇద్దరినీ బయటికి లాగి ఆస్పత్రికి పంపేశారు. ఆ ఇద్దరూ బతికారంటే అది వాళ్ల చలవే. కానీ ఆ తర్వాత, పిల్లలకు గుచ్చుకుంటాయని కాబోలు, చెల్లాచెదురైన ముక్కలన్నీ ఏరి గట్టు పక్కన కుప్పపోశారు. సాయంత్రానికి వచ్చిన దర్యాప్తు అధికారి ఆ కుప్ప ముందు చాలాసేపు నిలబడ్డారు. ప్రొపెల్లర్ రెక్క పట్టుకుని, ఇది ఎక్కడ దిగబడి ఉంది అని అడిగారు. ఇంజిన్ శక్తితో తిరుగుతుండగా నేలను తాకితే ప్రొపెల్లర్ మట్టిలో వరసగా కోతలు కోస్తుందట. ఆ కోతల మధ్య దూరం కొలిస్తే వేగం, ఇంజిన్ తిరిగిన తీరు తెలుస్తాయట. ఇంజిన్ ముందే ఆగిపోయి ఉంటే ఆ కోతలు ఉండవు. ఇక్కడ కోతలు ఉన్నాయో లేవో చెప్పడానికి లేదు, ఆ మడి అంతా అడుగుల మయం. చివరికి ఒక కాలేజీ కుర్రాడు కుప్ప పోయకముందు తీసిన ఫోటోలు పట్టుకొచ్చాడు. వాటిలో కరెంటు స్తంభం, గట్టు ఆనవాళ్లుగా పెట్టుకుని ముక్కలు ఎక్కడెక్కడ పడ్డాయో కొలుచుకున్నారు. ఆ అధికారి కుర్రాడి దగ్గర ఫోన్‌లోని అసలు ఫైలే తీసుకున్నారు, వాట్సాప్‌లో పంపింది వద్దన్నారు. ఫార్వర్డ్ చేస్తే తీసిన సమయం, చోటు చెరిగిపోతాయి. సాక్షుల దగ్గర వీడియోలు తీసుకునేటప్పుడు మీరూ అలాగే చేయండి.

ముక్కను కదిలించడానికి కారణాలు చాలా తక్కువ. మనుషులను బయటికి తీయడానికి, మంట నుంచి కాపాడటానికి, దారికో ప్రజలకో ప్రమాదం తప్పించడానికి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 13వ అనుబంధంలో దేశాలన్నిటికీ ఇచ్చిన నియమం దాదాపు ఇదే. కదిలించక తప్పకపోతే ముందు ఫోటో, తర్వాత పడిన చోట నంబరు జెండా, ఎవరు ఎందుకు కదిలించారో పుస్తకంలో రాత. కాక్‌పిట్‌లోకి మాత్రం ఎవరినీ పోనివ్వకండి. ఏ స్విచ్ ఏ స్థితిలో ఉందన్నదే కొన్ని కేసులకు ప్రాణం.

బ్లాక్ బాక్స్ నల్లగా ఉండదు, ముదురు నారింజ రంగులో, తెరవొద్దని రాసి ఉంటుంది. కనబడితే స్టేషన్‌కు తేవద్దు. ఫోటో తీసి, పక్కన ఒక కానిస్టేబుల్‌ను పెట్టి, దర్యాప్తు సంస్థకు ఫోన్ చేయండి. నీళ్లలో దొరికితే ఆరబెట్టకూడదు, దాన్ని నీళ్లలోనే ఉంచి పంపిస్తారు. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో కూలిన విమానం రెండు రికార్డర్లలో, అంటే బ్లాక్ బాక్సుల్లో, ఒకటి మర్నాడు ఒక భవనం పైకప్పు మీద దొరికితే రెండోది 16న శకలాల్లో దొరికింది. ఢిల్లీకి తరలించేదాకా రెండూ 24 గంటలూ పోలీసు కాపలాలో, సీసీటీవీ కింద ఉన్నాయి. పైకప్పులు, చెట్లు, బావులు, కాలవలు అన్నీ మీ వలయంలోకే వస్తాయని దీన్ని బట్టి తెలుసుకోవాలి.

లోపలికి దారి ఒక్కటే ఉంచండి. అక్కడ పుస్తకం పెట్టి వచ్చినవాళ్ల పేరు, శాఖ, సమయం, పని రాయించండి. మంత్రి గారు వచ్చినా రాయాల్సిందే. ఆ పుస్తకం చూపించే మీరు పైవాళ్లను కూడా మర్యాదగా ఆపగలరు.

---

ఫోమ్‌టెండర్_డ్రైవర్:

సీఐ గారు రాసింది నూటికి నూరు పాళ్లు నిజం. ఎయిర్‌పోర్టు ఫైర్ సర్వీసులో ఉన్నవాడిగా మా వైపు నుంచి కొన్ని మాటలు.

రన్‌వేలో ఏ మూలకైనా 3 నిమిషాల్లోపు చేరాలన్నది మాకు అంతర్జాతీయ ప్రమాణం, 2 నిమిషాలు లక్ష్యం. గోడ దాటితే ఆ లెక్క చెల్లదు, గేటు, రోడ్డు, జనం అన్నీ అడ్డమే. గేటు బయట రోడ్డు ఖాళీ చేయించగలిగేది మీరే.

మీ వాళ్లకు డ్యూటీ వేసేముందు ఇవి చెప్పండి. గాలికి ఎదురుగా, పొగలోకి నడిచి పోవద్దు. చక్రాలు కాలుతున్నా, బాగా వేడెక్కి ఉన్నా పక్కవైపు నుంచి వెళ్లొద్దు, పేలితే ఇనుప ముక్కలు ఇరుసు వైపే ఎగురుతాయి, ముందు నుంచో వెనక నుంచో పోవాలి. ఇంధనం కారిన చోట బండి ఇంజిన్ ఆన్ చేయొద్దు. లోపల ఆక్సిజన్ సిలిండర్లు ఉంటాయి. కొన్ని కొత్త విమానాల ఒంట్లో ఇనుము, అల్యూమినియం కంటే కార్బన్ ఫైబరే ఎక్కువ, బోయింగ్ 787 బరువులో సగం దాకా అదే. కాలిన కార్బన్ ఫైబర్ నలుసులు చర్మంలో గుచ్చుకుంటాయి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చల్లారిందని అనుకున్న చోట నడుస్తుంటే కూడా లేస్తాయి. మంచి మాస్కు, దళసరి గ్లోవ్స్, బూట్లు లేకుండా ఎవరినీ లోపలికి పంపొద్దు, ఆ యూనిఫాంతో ఇంటికి పోనివ్వద్దు. చిన్న ప్రైవేటు విమానాలు కొన్నిటిలో విమానం మొత్తాన్నీ దింపే పారాచూట్ ఉంటుంది, దాన్ని బయటికి తన్నేది రాకెట్. పేలకుండా మిగిలి ఉంటే మనిషిని చంపేస్తుంది. ఫైటర్ విమానమైతే పైలట్ సీటు కిందా రాకెట్టే, పసుపు నలుపు చారల హ్యాండిల్ కనబడితే ఆగిపోవాలి. మిలిటరీ వాళ్లు వచ్చి నిర్వీర్యం చేసేదాకా దూరంగానే ఉండాలి.

ఇంకొకటి. మంటలార్పే మా ఫోమ్, అంటే నురగ, నేలమీద మోకాలెత్తు పరుచుకుంటుంది, కింద ఏముందో కనబడదు. 2013 జూలైలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక యువ ప్రయాణికురాలు విమానంలోంచి బయటికి విసిరేయబడి నేలమీద పడి ఉంది. నురగ కప్పేసింది. ఆమె మీదుగా ఫైర్ వాహనాలు వెళ్లాయి. ఆ కేసు చదివిన రోజు నుంచి మా బండ్ల ముందు ఒక మనిషి నడిచి దారి చూపకుండా నేను నురగలోకి చక్రం పెట్టను. మీ కానిస్టేబుళ్లు ఎవరినైనా నేలమీద చూస్తే ఊరికే కేకలేయడం కాదు, ఆ మనిషి దగ్గరే నిలబడి చేయెత్తాలి. ఎవరో ఒకరు నిలబడి ఉంటేనే డ్రైవర్‌కు కనబడేది.

---

మార్చురీ_డాక్టర్:

ఫోరెన్సిక్ విభాగంలో పనిచేస్తాను. చనిపోయినవాళ్ల గురించి పోలీసు మిత్రులకు ఒక విన్నపం.

మృతదేహాలను తొందరగా తీయాలని మీ మీద ఒత్తిడి వస్తుంది. ప్రాణం పోయిందని డాక్టర్ చెప్పాక తొందర అక్కర్లేదు. పడిన చోటే ఫోటో, నంబరు, మ్యాప్ మీద గుర్తు, ఆ తర్వాతే సంచి. ఒంటి మీది ఉంగరం, వాచీ, జేబులో పర్సు తీసి వేరే కవర్లో పెట్టకండి, దేహంతోనే పంపండి. పక్కన పడి ఉన్న బ్యాగ్ పక్కనున్న మనిషిదే అనుకోవద్దు. శరీర భాగం ఎంత చిన్నదైనా దానికి వేరే నంబరు, ఈ దేహానిదే అయి ఉంటుందని కలిపేయకూడదు.

ముఖం చూపించి గుర్తుపట్టించే పద్ధతి ఇక్కడ దాదాపు పనికిరాదు. 1998లో కెనడా తీరంలో కూలిన స్విస్‌ఎయిర్ విమానంలో 229 మంది పోతే చూపుతో గుర్తుపట్టగలిగింది ఒక్కరినే. చూడగలిగేలా ఉన్నప్పుడు కూడా దుఃఖంలో ఉన్న మనిషి వేరేవారిని తమవాళ్లని చెప్పేస్తారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. ఇంటర్‌పోల్ పద్ధతిలో నమ్మదగినవి మూడే, వేలిముద్రలు, పళ్లు, డీఎన్ఏ. పచ్చబొట్లు, ఆపరేషన్ గుర్తులు, వస్తువులు తోడ్పడతాయి, అంతే. సీటు నంబరుతో తేల్చేయడం మరీ ప్రమాదం, ఎక్కాక సీట్లు మార్చుకోనివాళ్లు ఎవరు?

అందుకే మాకు కుటుంబాల నుంచి కావాల్సింది పోలీసులే తెచ్చిపెట్టాలి. పళ్ల డాక్టర్ ఎవరు, ఎక్స్‌రేలు ఉన్నాయా, ఎముకలో ప్లేటు వేశారా, వాడిన టూత్‌బ్రష్, దువ్వెన ఇంట్లో ఉన్నాయా. డీఎన్ఏకు తల్లిదండ్రులు, పిల్లలు మేలు. ఈ వివరాలు రాసుకునేవాళ్లకు ఓపిక ఉండాలి. ఫారం నింపడం అయిపోగానే లేచి వెళ్లిపోకుండా కాసేపు కూర్చోగలిగినవాళ్లను వేయండి.

---

నైట్‌బీట్_ఎస్సై:

ముగ్గురికీ చాలా కృతజ్ఞతలు. ఇంత వివరంగా ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు. ఇంకా కొన్ని అడుగుతాను, విసుక్కోకండి. డాక్టర్ గారు చెప్పిన కుటుంబాల సంగతి నాకు అన్నిటికంటే భయంగా ఉంది. స్టేషన్ ముందు రెండు వందల మంది నిలబడి "మావాడు ఉన్నాడా లేడా" అంటే ఏమనాలి? మీడియా, డ్రోన్లు ఎలా? అసలు ఎక్కడ పడిందో తెలియకపోతే? కేసు కట్టాలా, కడితే దర్యాప్తు సంస్థ పనికి అడ్డమా? ఇంకొకటి, రాత్రంతా అక్కడ కాపలా ఉండే మా కుర్రాళ్ల సంగతేమిటి?

---

మాజీ_సీఐ:

విసుగెందుకు, అడగాల్సినవే అడిగారు. తేలికైనవి ముందు చెప్పేస్తాను.

ఎక్కడ పడిందో తెలియనప్పుడు మీ పని సాక్షులను పోగు చేయడం. 2009 సెప్టెంబరు 2న నల్లమలలో ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ జాడ తెలియక పోలీసులు, కేంద్ర బలగాలు, వైమానిక దళం వెతుకుతూనే ఉన్నారు, మర్నాడు ఉదయానికి గానీ గాలింపు హెలికాప్టర్‌కు కొండ మీద శకలాలు కనబడలేదు. మోత విన్నామని చెప్పినవాళ్లను విడివిడిగా కూర్చోబెట్టండి, ఒకరి మాట విని ఇంకొకరు మార్చేస్తారు. "ఏమైంది" అని అడక్కండి. ఎక్కడ నిలబడ్డారు, ఎటు చూస్తున్నారు, మోత ఏ వైపు నుంచి ఏ వైపుకు పోయింది, పొగ చూశాక మోత విన్నారా, ముందే విన్నారా. వాళ్లను మళ్లీ అదే చోట నిలబెట్టి చేత్తో చూపించమనండి. అలాంటి ఇద్దరు ముగ్గురు చూపించిన దిక్కులు మ్యాప్ మీద గీస్తే గీతలు కలిసే చోటికి బృందం పంపొచ్చు.

డ్రోన్లు ఎగరకుండా విమానయాన అధికారులకు చెప్పి ఆ గగనతలం మూయించండి, గాలింపు హెలికాప్టర్లకు అవే పెద్ద ప్రమాదం. మీడియాకు ఒక చోటు, ఒక మనిషి, ఫలానా గంటకు చెబుతామన్న మాట. ఆ గంటకు కొత్త సంగతి లేకపోయినా వచ్చి నిలబడి లేదని చెప్పాలి. ప్రమాదానికి కారణం గురించి మాత్రం నోరు విప్పొద్దు. పైలట్ తప్పిదమని ఒక ఎస్సై అన్న మాట మర్నాటి పేపర్లో వస్తే ఆ పైలట్ ఇంట్లోవాళ్లు ఏమైపోతారో ఆలోచించండి. కారణం చెప్పడానికి వేరే సంస్థ ఉంది, దాని ప్రాథమిక నివేదికకే 30 రోజుల గడువు ఉంటుంది.

కేసు సంగతి. దర్యాప్తు సంస్థ పని మళ్లీ జరగకుండా చూడటం, ఎవరిది నేరమో తేల్చడం కాదు. మీది చావులకు సంబంధించిన చట్టపు విచారణ. రెండూ పక్కపక్కనే నడుస్తాయి. శకలాల మీద ముందు చేయి వాళ్లది, పంచనామాలు మీవి. బాంబు, విద్రోహం అనుమానం వస్తే లెక్క తిరగబడుతుంది. 1988 డిసెంబరులో స్కాట్లాండ్‌లోని లాకర్బీ మీద పాన్‌యామ్ విమానం పేలిపోయింది. విమానంలో 259 మంది, ఊళ్లో 11 మంది పోయారు. అప్పటికి బ్రిటన్‌లో అన్నిటికంటే చిన్న పోలీసు దళం చేతిలో పడ్డ కేసు అది. శకలాలు రెండు వేల చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్నాయి. వరసగా నిలబడి పొలాలు, అడవులు గాలించినవాళ్లకు ఇచ్చిన సూచన చాలా సాదా, రాయి కానిది, మొలిచింది కానిది ఏదైనా సంచిలో వేయండి. అలా ఏరిన వాటిలోని కాలిన చొక్కా గుడ్డలో గోరంత సర్క్యూట్ ముక్క దొరికింది, బాంబు టైమర్‌ది. కేసు దాని మీద నిలబడింది. మీ కుర్రాళ్లకు ఈ కథ చెప్పండి, వరసలో నడుస్తూ విసుగొచ్చినప్పుడు పనికొస్తుంది.

లాకర్బీలో ఇంకొకటి జరిగింది, నాకు అదే ఎక్కువ గుర్తు. సామాన్లలో దొరికిన బట్టలను ఊళ్లో ఆడవాళ్లు ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి కుటుంబాలకు పంపారు. కేసుకు అవసరం తీరిన వస్తువులను మన దగ్గర మాల్‌ఖానాలో, అంటే స్టేషన్ సామాన్ల గదిలో, మూట కట్టి పడేస్తాం. అలా చేయకండి. ఎవరికి ఏమి తిరిగివ్వాలో మొదటి రోజు నుంచే ఒక ఏఎస్సైకి అప్పజెప్పండి.

ఇక కుటుంబాలు. వాళ్లను స్టేషన్ ముందు నిలబెట్టొద్దు, ఆస్పత్రి గేటు దగ్గర అసలే వద్దు. ఒక హాలు తీసుకోండి, కుర్చీలు, నీళ్లు, మరుగుదొడ్లు, ఫోన్ చార్జింగ్ ఉండేది, కెమెరాలు చూడలేనిది. ఆస్పత్రికి, మార్చురీకి, శకలాలకు దూరంగా ఉండాలి. ప్రయాణికుల జాబితా విమాన సంస్థ ఇస్తుంది, దాన్ని మీరు గోడకు అంటించొద్దు. పేరు సరిపోయిందని మనిషి ఎక్కినట్టు కాదు, పేరు లేదని ఎక్కనట్టు కాదు. ఒకే పేరు ఇద్దరికి ఉంటుంది, ఆఖరి నిమిషంలో టికెట్ మార్చుకున్నవాళ్లు ఉంటారు. "మీవాళ్లు జాబితాలో ఉన్నారు. బయటికి వచ్చినవాళ్లలో ఇంకా కనబడలేదు. మళ్లీ ఫలానా గంటకు మీ దగ్గరికి నేనే వస్తాను." ఇది చెప్పగలరు. ఇంతకు మించి చెప్పొద్దు, తక్కువా చెప్పొద్దు. ఆశ పెట్టకండి. "అన్నీ సర్దుకుంటాయమ్మా" అన్న పోలీసును ఆ తల్లి జీవితాంతం మర్చిపోదు.

ఒక్కో కుటుంబానికి ఒక్కో మనిషిని ఇవ్వండి. పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఇంకొకరు వచ్చి అదే కథ మళ్లీ అడిగితే వాళ్లు తట్టుకోలేరు. అమెరికాలో 1996లో రెండు పెద్ద ప్రమాదాల తర్వాత కుటుంబాలు విమాన సంస్థల ఫోన్లు కలవక, ఎవరూ పలకక నానా అవస్థ పడ్డాయి. ఆ ఏడాదే వాళ్ల బాగోగులు చూసే బాధ్యతను చట్టంలో రాసి జాతీయ రవాణా భద్రతా సంస్థకు అప్పజెప్పారు. చట్టం ఉన్నా లేకపోయినా మనం చేయాల్సింది అదే.

నేల మీద పోయినవాళ్లకు జాబితా ఉండదని మర్చిపోకండి. 1992లో ఆమ్‌స్టర్‌డామ్‌లో సరుకు విమానం అపార్ట్‌మెంట్ల మీద పడితే మొదట 200 మందికి పైగా పోయారని భయపడ్డారు, చివరికి విమానంలోని నలుగురితో కలిపి 43 అని తేలింది. కాగితాల్లేని వలసవాళ్లు ఆ ఇళ్లలో ఉండేవారు, ఎవరెవరు ఉన్నారో ఎవరికీ తెలియదు. అలాంటి చోట ఇంటింటికీ తిరిగి ఎవరుంటారు, నిన్న రాత్రి ఎవరొచ్చారు అని అడిగి రాయాల్సింది మీ బీట్ కానిస్టేబులే. పేర్లు చెబితే మీ మీద చర్య ఉండదని ముందే హామీ ఇప్పించండి, లేకపోతే ఎవరూ నోరు విప్పరు.

డ్రిల్ సంగతి కూడా. దాన్ని మొక్కుబడిగా చేయనివ్వకండి. 1989లో అమెరికాలోని సూసిటీలో విమానాన్ని అదుపు చేసే హైడ్రాలిక్స్ అన్నీ పోయిన డీసీ-10 విమానం కూలితే 296 మందిలో 184 మంది బతికారు. పైలట్ల నేర్పు ఒక కారణం, నిజమే. రెండేళ్ల ముందు అక్కడి వాళ్లు తమ ఎయిర్‌పోర్టుకు ఎప్పుడూ రాని పెద్ద విమానం కూలినట్టు డ్రిల్ చేసి ఉండటం ఇంకో కారణం. మీ డ్రిల్లులో రెండు అడగండి. గోడ బయట, రాత్రి పూట పడినట్టు పెట్టమనండి. బంధువుల వేషంలో ఓ యాభై మందిని స్టేషన్‌కు పంపమనండి. ఆ రెండోది దాదాపు ఎవరూ చేయరు.

చివరగా మీ కుర్రాళ్లు. నాలుగు గంటలకు మించి ఎవరినీ లోపలి వలయంలో ఉంచొద్దు. తిండి లోపల పెట్టొద్దు, బయటికి పిలిచి చేతులు కడిగించి పెట్టండి. కొత్తగా చేరినవాళ్లను మృతదేహాల దగ్గర ఒంటరిగా వేయకండి, పక్కన ఒక హెడ్ కానిస్టేబుల్‌ను వేయండి. ఎవరు లోపల ఎన్ని గంటలున్నారో రాసిపెట్టండి, తర్వాత దగ్గు, చర్మం దురద అంటే మెడికల్ వాళ్లకు అదే ఆధారం. వారం తర్వాత ఒక్కొక్కరితో విడిగా మాట్లాడండి, అందరినీ వరసలో నిలబెట్టి "ఎవరికైనా ఇబ్బందా" అంటే ఏ కానిస్టేబులూ చేయెత్తడు. నిద్ర పట్టడం లేదన్నవాడిని ఇంటికి పంపేయడం కాదు, డాక్టర్ దగ్గరికి మీరే తీసుకెళ్లండి. డ్రిల్ అయ్యాక ఏం తేలిందో ఇక్కడ రాయండి, మీ ప్లాన్ పుస్తకంలో ఆ ఒక్క లైను స్థానంలో ఏం రాయాలో అందరం కలిసి చూద్దాం.